ఆయ్ అంటే గెంతాలి

మొన్న కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచరమ్మాయి ఒకామె మా ఇంటికొచ్చి, "పిల్లలు ఒక్కచోట కూర్చోవట్లేదండి, ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. కూర్చోబెట్టకమ్మా అన్నాను. పెద్దావిడకి మతి తప్పిందనుకుందో ఏమో, ఇచ్చిన కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. ఆమె కోసం, ఆమెలాంటి మీ అందరి కోసం ఇది రాస్తున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఉద్యోగం చేశాను. పిల్లల్ని కూర్చోబెట్టడానికి పడ్డ పాట్లు నాకు పెద్దగా గుర్తులేవు. ఒక్క పిల్లని లేపడానికి పడ్డ పాట్లు మాత్రం గుర్తున్నాయి.

తొంభైల చివరి మాట. మామిడికుదురుకి కాస్త ఇవతల, కాలవగట్టు మీద ఊరు. మా సెంటరుకి సొంత గూడు లేదు. ఒక రైతుగారి పెంకుటింటి వసారా, దాన్నానుకున్న గది అద్దెకి ఇచ్చారు. ఆయన్ని ఊరంతా బాబాయిగారనేది, నేనూ అంతే. గది పైన అటక. దాని మీద వాళ్ళ తాతల నాటి గంగాళాలు, చాటలు, ఒక విరిగిన పల్లకీ కర్ర ఉండేవి. కింద నేను, ఆయా, పద్నాలుగు మంది పిల్లలు. ఆయా అంటే వంట చేసి, పిల్లల ముక్కులు తుడిచి, ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగిందో పొద్దున్నే నాకు అప్పజెప్పే మనిషి. రిజిస్టర్లు రాసింది నేను, సెంటరు నడిపింది ఆవిడ.

ఆ ఏడు మమ్మల్ని ట్రైనింగుకి పిలిచి, చిన్నపిల్లలకి స్థూల కండరాల వికాసం ముఖ్యమని చెప్పారు. స్థూల అన్నారు కదా, లావుపాటి పిల్లల సంగతేమో, మా దగ్గర అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు కదా అని నేను నిశ్చింతగా కునుకు తీశాను. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి చెప్పింది, లావు కాదు తల్లీ, కాళ్ళూ చేతులూ ఆడించడం అని. గెంతడం, పాకడం, గీత మీద నడవడం, ఆగమంటే ఆగడం. అక్షరాలకన్నా ముందు పిల్లలకి ఇవి రావాలట. ఆఖర్న తలా ఒక ఈల ఇచ్చి పంపారు.

ఈల రెండు రోజులు పనిచేసింది. మూడో రోజు నేను ఊదగానే పిల్లలందరూ వసారా దిగి రోడ్డు మీద పడ్డారు. ఆ ఊరికొచ్చే ఐసుఫ్రూటతనూ ఈలే ఊదేవాడు. వాళ్ళని వెనక్కి తోలుకొచ్చేసరికి నాకూ ఆయాకీ ప్రాణాలు కడబట్టాయి. ఈల బీరువాలో పెట్టేశాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి గెంతమన్నాను. రెండేళ్ళవాళ్ళకి ఒకటైతే ఏమిటి, మూడైతే ఏమిటి? నేను నోరు తెరవగానే గెంతేవారు. చప్పట్లు కొట్టాను. వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

ఒకరోజు వాళ్ళని కప్పల్లా గొంతుక్కూర్చోబెట్టి, ఇక ఏం చెయ్యాలా అని చూస్తున్నాను. లోపల్నుంచి ఆయా, "ఉప్మా దింపేయనాండీ?" అంది.

"ఆయ్," అన్నాను.

ముందు వరసలో ఒకడు గెంతాడు. వాణ్ణి చూసి మిగతా వాళ్ళూ గెంతారు.

కోనసీమ బయటివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకో ముక్క చెప్పాలి. మాకు అవునన్నా ఆయే, అలాగేనన్నా ఆయే, వింటున్నానన్నా ఆయే, వినట్లేదుగానీ మీరు కానివ్వండి అన్నా ఆయే. ఇక్కడ పుట్టిన పిల్ల ఉయ్యాల్లో అందరికన్నా ఎక్కువసార్లు వినే మాట అది. ఇంతకన్నా మంచి ఈల ఎక్కడ దొరుకుతుంది? నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆట ఇలా ఉండేది. "కప్పగారూ కప్పగారూ, గట్టు దాటుతారా?" అని అడగాలి. మా వైపు కప్పకైనా గారు తగిలించకపోతే పెంపకం బాగాలేదంటారు. అడిగి ఊరుకోవాలి. పిల్లలు మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, నా నోటికేసే చూస్తూ ఉండాలి. ఎప్పుడంటానో తెలీదు. ఆ ఆగడమే అసలు పాఠం, గెంతడం ఎవరికైనా వస్తుంది. ఆఖరికి "ఆయ్!" అంటే గెంతు. పీతగారైతే పక్కకి నడక. ముగ్గుపిండితో రెండు గీతలు గీస్తే అది కాలవ మీద కొబ్బరిదూలం, తూలకుండా అవతలి గట్టుకి వెళ్ళాలి. నెల తిరిగేసరికి మా పిల్లలు నిద్రలో కూడా ఆయ్ అంటే కాళ్ళాడిస్తున్నారని తల్లులు చెప్పారు.

చిన్న చిక్కొచ్చింది. "ఆయా" అని పిలిస్తే సగం మంది గెంతేవారు. అందుకని ఆవిణ్ణి "అక్కగారూ" అనడం మొదలెట్టాను. ఆవిడ పొంగిపోయి వారం రోజులు ఉప్మాలో నూనె ఎక్కువేసింది. ముంచుకొచ్చేది నేను అక్కడే పసిగట్టాల్సింది. బుర్రుంటే కదా.

ఇక అసలు సంగతికొస్తాను. రోజూ తొమ్మిదింటికి ఒక మామ్మగారు మనవరాలిని చంకనేసుకుని వసారా ముందు నిలబడేది. పిల్లకి రెండేళ్ళు దాటి ఏడు నెలలు. తండ్రి మండపేటలో రైసుమిల్లు పనికెళ్ళి పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. తల్లి దీన్ని పదినెలల గుడ్డుగా వదిలి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. ఆ రోజు చంకెక్కిన పిల్ల మళ్ళీ నేల చూడలేదు. నడవదు, పట్టుకోకుండా నిలబడదు. అమలాపురం డాక్టరుగారు చూసి, ఎముకలు రాయిలా ఉన్నాయి, మీరు దింపండి చాలు అన్నారట. మామ్మగారు సరేనని చెప్పి, పిల్లని చంకనేసుకునే మెట్లు దిగొచ్చింది.

ఇంకో సంగతి ఆయా చెప్పింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మామ్మగారు ఎస్టీడీ బూతుకి వెళ్ళేది. కువైట్ నుంచి కూతురు ఫోను చేసేది. "పిల్ల నడుస్తోందా?" అంటే "ఆయ్". "పరిగెడుతోందా?" అంటే "ఆయ్, ఆయ్". అంతా చంకలో ఉన్న పిల్ల సాక్షిగా. ఆ కూతురు మామిడికాయల నాటికి సెలవు మీద వస్తోంది. ఆ లోగా పిల్ల నడవకపోతే ఏ మొహంతో చెప్పాలని మామ్మగారు పగలు ఊరందరి దగ్గరా ఏడ్చేది. ఏడుస్తూ పిల్లని ఇంకాస్త పైకి ఎగదోసుకునేది.

నాకు నోటి దురుసు. ఒకరోజు నలుగురు తల్లుల ముందు, "మామ్మగారూ, ఆ చంక మనవరాలికి శాశ్వతంగా అద్దెకిచ్చేరా?" అన్నాను. తల్లులు నవ్వారు. ఆవిడ పిల్లని ఎగదోసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రాలేదు.

నాలుగో రోజు ఆయా ఉప్మా కలుపుతూ నాకేసి చూడకుండా అంది. "మీరు ఎటకారాలాడేరండి. ఆవిడకి ముందో కొడుకుండేవోడండి. రెండేళ్ళోడు. నేల మీద దింపి పొయ్యి ఊదుకుంటందంటండి. తిరిగి చూసేసరికి లేడు. ఇంటెనకాలే కాలవ." గరిటె గిన్నెకేసి కొట్టింది. "ఊళ్ళో పెద్దోళ్ళందరికీ తెలుసండి. మీరు పక్కూరోరు కదా."

సిగ్గుతో చచ్చిపోయాను. ట్రైనింగులో పిల్లల కండరాల గురించి చెప్పారుగానీ, మామ్మల చంకల గురించి ఎవరూ చెప్పలేదు. అడగాల్సింది నేను. ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. పిల్లని ఒక చంకన పెట్టుకుని, రెండో చేత్తో వాకిలి ఊడుస్తోంది.

"తప్పయిపోయిందండి మామ్మగారూ," అన్నాను.

"తప్పేటమ్మా. చంకేగా. నీకెందుకా అద్దె బెంగ?" అంది చీపురాపకుండా. కాసేపటికి ఆపింది. "దీనికీ కాలవకీ మద్దెన నేనుండాలమ్మా. అంతే. ఇంకేం లేదు."

"ఉండండి. మా గుమ్మంలోనే కూర్చోండి. కాలవకేసి వీపు పెట్టి కూర్చోండి. మిమ్మల్ని దాటి ఏ పిల్లా బయటికెళ్ళదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆయ్," అంది.

మర్నాటి నుంచి మామ్మగారు మా గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఊళ్ళోవాళ్ళెవరు లోపలికి రావాలన్నా ఆవిడ కాళ్ళు ముడుచుకునేదాకా ఆగాలి. పిల్ల ఒళ్ళో ఉండేది. నాలుగైదు రోజులకి ఒళ్ళోంచి జారి పక్కన కూర్చుంది, మామ్మ చీరకొంగు పిడికిట్లో పట్టుకుని. నేను ఆయ్ అన్నప్పుడల్లా మిగతా పద్నాలుగు మందీ గెంతేవారు, దీని కళ్ళు గెంతేవి. ఇంకో వారానికి భుజాలు కదిలాయి. తర్వాత కొంగు పట్టుకుని లేచి నిలబడడం నేర్చింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. చూస్తే మామ్మగారు కూడా చూస్తుంది, చూస్తే ఎత్తుకుంటుంది.

ఇంతలో బాబాయిగారు అర్జీ పెట్టారు. ఆయన బాధా అబద్ధం కాదు. పద్నాలుగు మంది ఒక్కసారి గెంతితే అటక మీది దుమ్మంతా ఆయన భోజనంలో పడేది. "మన ఇంటికిందేమన్నా గ్యాసు బావి తవ్వుతున్నారేటమ్మా?" అని రోజూ అడిగేవారు. దానికి తోడు రాజోలు రోడ్డులో కొత్తగా ఒక కాన్వెంటు తెరిచారు. అక్కడ మూడేళ్ళవాడు టై కట్టుకుని, కదలకుండా కూర్చుని ఏబీసీడీలు చెప్తున్నాడు. మా దగ్గర అదే వయసువాడు కప్ప. కొందరు తండ్రులు కూడా అర్జీ మీద సంతకం చేశారు. చదువు చెప్పకుండా గంతులు వేయిస్తున్నారు, ఇల్లు కూలేలా ఉంది, సెంటరుని కాలవ అవతలి ఊళ్ళో సెంటరుతో కలిపెయ్యండి అని.

నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టండి. కాలవ అవతల అంటే దూలం వంతెన దాటాలి. పిల్లతో ఆ వంతెన మీద మామ్మగారు చచ్చినా కాలు పెట్టదు. పిల్ల మళ్ళీ చంకెక్కుతుంది, ఈసారి దిగదు. అది తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

ఆ అర్జీ విచారణకి మా ఆఫీసరు మేడం వచ్చిన రోజు సంగతి చెప్తాను. ఆవిడ రాయలసీమ నుంచి బదిలీ మీద వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. జీపు దిగి గుమ్మం దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది, మామ్మగారి కాళ్ళు అడ్డం. మామ్మగారు ఆవిణ్ణి పైనుంచి కిందకి చూసి, కాలవకేసి చూసి, అప్పుడు కాళ్ళు ముడుచుకుంది. లోపల పిల్లలు అప్పుడే కప్పగార్ల ఆటలో మోకాళ్ళు వంచి కూర్చున్నారు.

"ఈ సెంటరు టీచరు మీరేనా?"

"ఆయ్," అన్నాను.

పద్నాలుగు మంది గెంతారు. అటక మీంచి దుమ్ము రాలింది.

మేడం పైకి చూసి, పిల్లల్ని చూసి, మళ్ళీ నన్ను చూశారు. "రిజిస్టర్లు రాశారా?"

అవునండి అనాలి. అవునండి, అవునండి అని మనసులో రెండుసార్లు అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి వచ్చిన నాలుక మన మాట వింటుందా?

"ఆయ్ అండీ."

ధన్.

"ఎందుకట్ల ఎగురుతాండారు వీళ్ళు?" అన్నారు మేడం. అప్పటిదాకా మాట్లాడిన పుస్తకాల తెలుగు కాస్తా ఎగిరిపోయింది.

"అదేంటంటేనండి మేడంగారూ, నేను ఆయ్ అంటేనండి..."

ధన్. ఒక చాట కింద పడింది.

ఈ చప్పుడుకి బాబాయిగారు కండువా సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "చూసేరా మేడంగారూ, మీ కళ్ళతో మీరే చూసేరా? నేన్రాసింది అబద్ధమేవన్నా ఉందాండీ?"

"ఇది రోజూ జరుగుతాదా?"

"ఆయ్!" అన్నారు బాబాయిగారు ఆవేశంగా.

ధన్. ఆయన అదిరిపడి పిల్లలకేసి తిరిగారు. "ఒరేయ్, ఊరుకోండర్రా! రోజూనండి మేడంగారూ. పొద్దుటి నుంచీ ఇదే వరసండి."

"పొద్దుటి నుంచీనా?"

"ఆయ్, ఆయ్!"

ధన్, ధన్. గంగాళం ఒకటి అటక అంచుదాకా వచ్చి ఆగింది. తనమీద అర్జీ తానే పెట్టుకున్న మనిషిని నేను ఆ రోజే చూశాను. లోపల ఆయా నోట్లో కొంగు కుక్కుకుని గోడకి ఆనుకుపోయింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. ఉద్యోగం పోయిందని రూఢి అయిపోయింది.

మేడం ఆ గది చుట్టూ చూశారు. గుమ్మంలో కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్ల కనపడింది. అదొక్కతే గెంతలేదు.

"ఏం అవ్వా, ఈ పాప కూడా ఎగురుతాదా?"

మామ్మగారిని ఎవరైనా ఈ పిల్ల గురించి ఏది అడిగినా ఒకటే జవాబు. ఏడాదిన్నర నుంచి ప్రతి శుక్రవారం చెప్పీ చెప్పీ అలవాటైపోయిన జవాబు.

"ఆయ్," అంది.

వెనక పద్నాలుగు మందీ గెంతారు. పిల్ల కొంగు వదిలేసింది. రెండు చేతులూ పక్కలకి చాపి, మోకాళ్ళు వంచి, లేచింది. పాదాలు నేల వదల్లేదు. మడమలు వదిలాయి. ఒక్క క్షణం మునివేళ్ళ మీద ఉంది. తర్వాత చతికిలపడి, చుట్టూ చూసి, పకపకా నవ్వింది.

మామ్మగారి చేతులు సగం దాకా ముందుకొచ్చాయి. అక్కడే ఆగిపోయాయి. ఆవిడ జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేసుండదు. నాకు కళ్ళు మసకబారాయి. దుమ్మువల్ల అని అప్పట్లో అందరికీ చెప్పుకున్నాను.

ఆయా ఆగలేక, ఆ పిల్ల కథంతా మేడంగారికి రెండు ముక్కల్లో చెప్పేసింది. మేడం పిల్లలకేసి తిరిగి తానూ ఒకసారి "ఆయ్!" అన్నారు. అది సీమ నాలుక మీద ఎవర్నో కసిరినట్టు వచ్చింది. ఒక్కరూ కదల్లేదు. ఇద్దరు ఏడుపు మొహం పెట్టారు. వాళ్ళు ఎవరి మాటకి పడితే వాళ్ళ మాటకి గెంతే రకం కాదు మరి.

మేడం విజిట్ బుక్కులో రాసింది నాకిప్పటికీ నోటికొచ్చు: "ఆటలు తృప్తికరం. ఇల్లు మార్చవలెను." బాబాయిగారు దాన్ని తన గెలుపుగా ఊళ్ళో చెప్పుకున్నారు, నేను నా గెలుపుగా చెప్పుకున్నాను. కాలవ ఇవతలే ఒక కొబ్బరికాయల కొట్టు ఖాళీగా ఉంటే అందులోకి మారాం. మట్టినేల, అటక లేదు. అర్జీలో సంతకం చేసిన తండ్రి ఒకాయన సామాను మోయడానికొచ్చి, మొహమాటంగా, "మావోడు ఇంట్లో గీత గీసి నన్నూ నడవమంటున్నాడండి," అన్నాడు.

పిల్ల ఆ ఒక్కరోజులో నడిచేసిందని చెప్పను. అలాంటివి సన్మానసభల్లో చెప్తారు. గోడ పట్టుకుని నెలరోజులు, ముగ్గు గీతల మధ్య నెలరోజులు, పడిన ప్రతిసారీ మామ్మగారి ప్రాణం పోయి రావడం. నడక వచ్చాక ఆవిడ మొక్కు తీర్చుకోవడానికి వాడపల్లి వెంకన్న గుడికెళ్ళి ఏడు ప్రదక్షిణలు చేసింది, పిల్లని చంకనేసుకుని. అదేంటండీ అంటే, "జనంలో తప్పిపోతే?" అంది. పేరంతా వెంకన్నకే పోయింది. పోనీండి, ఈ పనికి ఆయనకి జీతం రాదు కదా.

మామిడికాయలు ఇంకా పిందెలుగా ఉన్న ఒక శుక్రవారం, మామ్మగారు నన్ను కూడా బూతుకి రమ్మంది. "నాకు నోరు పెగల్దమ్మా, నువ్వు పక్కనుండు," అంది. పిల్ల ఆవిడ చిటికినవేలు పట్టుకుని దారంతా నడిచింది. కాలవ పక్కన నడిచినంతసేపూ మామ్మగారు కాలవ వైపున తానే ఉండి నడిచింది.

గల్ఫ్ నుంచి మాట్లాడేవాళ్ళు అరుస్తారు, దూరం కదా. తల్లి మాటలు బూతు బయటికి కూడా వినపడుతున్నాయి. "అమ్మా, పిల్ల బాగుందా? నడుస్తోందా?"

"ఆయ్," అంది మామ్మగారు.

బూతు ముందరి చెక్క అరుగు ధన్‌మంది.

"ఏటే అమ్మా ఆ చప్పుడు? ఏం పడింది?"

"పడలేదే," అంది మామ్మగారు. "నీ కూతురే, గెంతుతోంది. ఇన్నాళ్ళూ నీకు చెప్పినయ్యన్నీ అబద్దాలే. ఇదొక్కటే నిజం. అదిగో, నువ్వే అను. ఆయ్ అను."

రిసీవరు తీసి పిల్ల చెవి దగ్గర పెట్టింది. అవతల మాట లేదు. ఏడుస్తోందో, ఏమనాలో తెలీక ఆగిందో. చాలాసేపు ఆగింది. పిల్ల మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, కదలకుండా ఎదురుచూసింది. ఆ ఆగడం దానికి నేర్పింది నేనే.

"ఆయ్," అంది వాళ్ళమ్మ కువైట్ నుంచి.

రెండు పాదాలూ నేల వదిలాయి.